టేకు పలక బాగుంది, మరి చెట్టు ఎక్కడిది?

నమస్కారమండీ, విజయనగరం నుంచి మాట్లాడుతున్నాను. ఇదిగో, ఆన్‌లైన్‌లో కొన్న కూరగాయలు కోసే పలక. 1,400 రూపాయలు పడింది. రెండు నెలలుగా మా ఇంట్లో ఉల్లిపాయలు, ములక్కాడలు అన్నీ దీని మీదే. వంగలేదు, పగల్లేదు. పలకతో నాకు పేచీ లేదు, అమ్మిన తీరుతోనే.

సైట్‌లో పచ్చని ఆకు బొమ్మ వేసి, ‘అడవికి హాని చేయని టేకు’ అని రాశారు. ఆకు బొమ్మ ఎవరైనా వేసుకోవచ్చు కదండీ! నేను వెతికేది ఎఫ్‌ఎస్‌సీ గుర్తు, అంటే ఫారెస్ట్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ వాళ్లది. చెక్క, కాగితం లాంటివి బాధ్యతగా చూసుకునే అడవుల నుంచి వచ్చాయని చెప్పే గుర్తు. టిక్కు పెట్టినట్టుండే చెట్టు బొమ్మ, నోటు పుస్తకాల అట్టల మీద చూసే ఉంటారు. 1993లో మొదలైన సంస్థ అది. ఆ గుర్తుతో పాటు ఎఫ్‌ఎస్‌సీ-సీ అని, పక్కన ఆరు అంకెలు ఉండాలి.

ఇక్కడ అంకెల్లేవు. మెసేజ్ పెడితే ‘సర్, హండ్రెడ్ పర్సెంట్ ఒరిజినల్’ అన్నారు. నేనడిగిందేమిటి, వీళ్లు చెప్పిందేమిటి! మళ్లీ అడిగితే నంబరు పంపారు. ఎఫ్‌ఎస్‌సీ సైట్‌లో కొట్టాను. కంపెనీ ఉంది, సర్టిఫికెట్ గడువూ ఉంది. హమ్మయ్య అనుకుని ఫోను పక్కన పెట్టబోయి, కిందకి జరిపి చూశాను. సర్టిఫికెట్ వర్తించే సరుకుల జాబితాలో రబ్బరు చెక్క ఉంది. టేకు లేదు!

రబ్బరు చెక్క తక్కువదేం కాదు. పాలు తగ్గిపోయిన ముదురు చెట్లను తోటల్లో ఎలాగూ కొట్టేస్తారు, ఆ చెక్కే. అదే పేరుతో అమ్మితే సంతోషంగా కొనేవాణ్ణి.

ఇంకో మాట. లేబుల్ ఉన్న సరుకును తెచ్చి మనకు అమ్మే దుకాణానికి విడిగా ఆ సర్టిఫికెట్ అక్కర్లేదు. అందుకే దుకాణం మాటకన్నా సరుకు మీది లేబుల్ చూడాలి. నా పలక మీదా లేదు, డబ్బా మీదా లేదు. ఉన్నా ‘మిక్స్’ అని ఉంటే మొత్తం చెక్క సర్టిఫికెట్ ఉన్న అడవిదే అని కాదు.

మా వీధి వడ్రంగికి చూపించాను. తిప్పి తిప్పి చూసి, ‘టేకే బాబూ. చేవ కొంచెమే, మిగతాదంతా తెల్ల చెక్క. లేత చెట్టుది. ఏ తోటదో నానేటి చెప్పగలను?’ అన్నాడు. నిజమే, చెక్కను చూసి చెట్టు ఊరు చెప్పలేం. బొబ్బిలి వీణకు పనస దుంగ కొనేవాళ్లకు ఆ బాధ తక్కువ, అమ్మినవాడి పెరడు చూసి రావచ్చు. ఫోన్‌లో కొనే మనకు ఆ ఆరు అంకెలే పెరడు.

పలకకి అయిదుకి నాలుగు. అమ్మినవాళ్లకి ఒకటిన్నర, ఆ అర కూడా నంబరు పంపినందుకు. ‘జాబితాలో టేకు ఏదండీ’ అని మూడో మెసేజ్ పెట్టి పదకొండు రోజులైంది. బదులొస్తే కింద కామెంట్‌లో పిన్ చేస్తాను.