యుద్ధం మీద కోపం ఎవరికి ఓటవుతుంది?

శ్రోతలందరికీ నమస్కారం.

జనానికి ఇష్టం లేని యుద్ధం ఒకటి సాగుతోంది. ఈలోగా అధ్యక్ష ఎన్నిక ముంచుకొచ్చింది. అప్పుడేమవుతుంది? అధికారంలో ఉన్న పార్టీ మట్టి కరుస్తుంది, శాంతి కావాలన్నవాళ్లు గెలుస్తారు అని మనం అనేసుకుంటాం. ఇందులో మొదటి సగం చాలాసార్లు నిజమే. రెండో సగంతోనే పేచీ. ఆ పేచీ ఏమిటో చెప్పడానికి ఇవాళ ఒకే ఒక్క ఉదాహరణ తీసుకుంటున్నాను: అమెరికాలో 1968. నాకున్నది కొద్ది నిమిషాలే. అందుకని వియత్నాం యుద్ధం ఎలా మొదలైంది, ఫ్రెంచివాళ్లు అక్కడ ఏం చేసి వెళ్లారు, ఇవన్నీ పక్కన పెట్టేస్తున్నాను. ఉత్తరాన కమ్యూనిస్టులు, దక్షిణాన అమెరికా వెనకేసుకొచ్చిన ప్రభుత్వం, ఇంతవరకు తెలిస్తే చాలు.

లిండన్ జాన్సన్ పేరు మన పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మన కరువు రోజుల్లో పీఎల్ 480 గోధుమలను, అంటే అమెరికా ఆహార సాయం గోధుమలను, బిగబట్టి, ఆచితూచి పంపించిన అధ్యక్షుడు. వియత్నాం విషయంలో ఢిల్లీ నుంచి విమర్శ వస్తే ఆయనకు ఒళ్లు మండేది. అదే జాన్సన్ 1965లో వలసల చట్టం మార్చి సంతకం పెట్టాడు. మన డాక్టర్లకూ ఇంజనీర్లకూ అమెరికా తలుపు తెరుచుకున్నది ఆ సంతకంతోనే. మనిషిని ఒక్క మాటలో తేల్చేయలేం, ఏం చేస్తాం!

ఈ జాన్సన్ 1964లో పోటీ చేస్తే నూటికి 61 ఓట్లు పడ్డాయి. 50 రాష్ట్రాల్లో 44 ఆయనవే. ఆసియా కుర్రాళ్లు చేసుకోవలసిన యుద్ధానికి మన కుర్రాళ్లను పంపబోమని ఆ ప్రచారంలో ఆయనే చెప్పాడు. మూడేళ్లు తిరిగేసరికి వియత్నాంలో అమెరికా సైనికులు దాదాపు 5 లక్షలు.

1967 నవంబరులో వియత్నాంలోని అమెరికా సేనాపతి వెస్ట్‌మోర్లాండ్ వాషింగ్టన్ వచ్చి, యుద్ధం ముగింపు కనుచూపు మేరలోకి వచ్చిందన్నాడు. రెండు నెలలు గడిచాయో లేదో, 1968 జనవరి ఆఖరులో, వియత్నాం వాళ్ల కొత్త సంవత్సరం పండగ టెట్ నాడు, దక్షిణ వియత్నాం పట్టణాల మీద కమ్యూనిస్టు బలగాలు ఒక్కసారిగా దాడి చేశాయి. అక్కడి రాజధాని సైగాన్‌లో అమెరికా రాయబార కార్యాలయం ఆవరణలోకే చొరబడ్డారు. సైనికంగా చూస్తే దాడి చేసినవాళ్లే బాగా దెబ్బతిన్నారు. కానీ టీవీ ముందు కూర్చున్న అమెరికన్ కుటుంబం చూసింది వేరు: అయిపోవచ్చిందన్న యుద్ధం అయిపోలేదు.

ఇప్పుడు న్యూహాంప్‌షైర్ వెళ్దాం. ఇక్కడ కాస్త నిదానంగా నడుద్దాం, నాకు ఇష్టమైన ఘట్టం ఇదే.

చిన్న రాష్ట్రం. మార్చి నెల, ఇంకా మంచు. పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే ప్రైమరీ ఎన్నికల్లో మొదటిది అక్కడే, మార్చి 12న. జాన్సన్ పేరు బ్యాలట్ మీద లేదు. అధ్యక్షుడంతటివాడు ప్రైమరీలో నిలబడడమేమిటన్న ధీమా. ఆయన్ను కావాలనుకునేవాళ్లు బ్యాలట్ మీద పేరు చేత్తో రాయాలి. ఎదురుగా నిలబడింది ఆయన డెమొక్రటిక్ పార్టీ మనిషే, యుద్ధం ఆపాలన్న మిన్నెసోటా సెనేటర్ యూజీన్ మెకార్తీ. కవిత్వం రాసుకునే మనిషి, ఆ ప్రచారంలో గొంతెత్తకుండా నెమ్మదిగా మాట్లాడిన మనిషి. ఈయన జాన్సన్‌ను ఏం చేస్తాడని అందరూ నవ్వారు.

ఆయన కోసం కాలేజీ పిల్లలు వేలల్లో దిగారు. ఆ రోజుల్లో యుద్ధం వద్దనే కుర్రాళ్లంటే పొడుగు జుట్టు, గడ్డం. పల్లెల్లో తలుపు తట్టి ఆ అవతారంతో నిలబడితే ఎవరు వింటారు? అందుకని జుట్టు కత్తిరించుకున్నారు, గడ్డాలు తీసేశారు, ఆడపిల్లలు పొందికగా బట్టలు కట్టుకున్నారు. మంచులో ఇల్లిల్లూ తిరిగారు. వాళ్లలో చాలామందికి ఓటే లేదు. అప్పట్లో ఓటు వయసు 21. సైన్యంలోకి బలవంతంగా పట్టుకుపోవడానికి మాత్రం 18 చాలు. ఓటు లేని పిల్లలు, ఓటున్న పెద్దవాళ్ల గుమ్మాల ముందు నిలబడి అడిగారు. నాకు ఆ ఎన్నికంతటిలో మనసుకు హత్తుకునేది ఇదే.

మరి జాన్సన్ మనుషులు ఏం చేశారు? కార్డులు అచ్చు వేయించారు. నంబర్లున్న కార్డులు, మూడు ముక్కలుగా చిరిగేవి. జాన్సన్ పేరే రాస్తానని ఓటరు సంతకం పెట్టాలి. ఒక ముక్క ఓటరు దగ్గర, ఒక ముక్క పార్టీ ఆఫీసులో, మూడోది వైట్‌హౌస్‌కు. ఇంతకన్నా తెలివితక్కువ పని ఇంకోటి ఉంటుందా? రహస్య ఓటు ఏమైపోయిందని మెకార్తీ వర్గం గోల పెట్టింది, జనానికీ చిర్రెత్తింది. మన దగ్గరైతే ఏం చేస్తారో మీకు తెలుసు. తలుపు తట్టిన ప్రతి పార్టీకీ "మీకేనండీ బాబూ" అంటారు, లోపలికెళ్లి నచ్చిన బటన్ నొక్కుతారు.

జాన్సన్‌కు 49 శాతం, మెకార్తీకి 42. చూడండి, గెలిచింది జాన్సనే. పేరు కూడా లేకుండా గెలిచాడు. అయినా దేశమంతా అది ఆయన ఓటమే అంది. పైగా పార్టీ అభ్యర్థిని ఖాయం చేసే మహాసభకు జాన్సన్ తరఫున వెళ్లే ప్రతినిధులుగా అవసరానికి మించి నిలబడి ఓట్లు చీల్చుకున్నారు. దాంతో 24 మంది ప్రతినిధుల్లో 20 మంది మెకార్తీ వైపు వచ్చారు. అనైక్యత మన ఒక్కళ్ల సొత్తేం కాదు.

నాలుగు రోజులకు అదే పార్టీ సెనేటర్, మాజీ అధ్యక్షుడు కెన్నెడీ తమ్ముడు రాబర్ట్ కెన్నెడీ రంగంలోకి దిగాడు. మార్చి 31 రాత్రి జాన్సన్ టీవీలోకి వచ్చి, ఉత్తర వియత్నాంలో చాలా భాగం మీద బాంబులు ఆపుతున్నానన్నాడు. చిట్టచివర, పార్టీ అభ్యర్థిత్వం కోరను, ఇచ్చినా తీసుకోను అనేశాడు.

ఇక్కడితో ఆపేస్తే శాంతి గెలిచిందని చెప్పుకుని ఇంటికెళ్లిపోవచ్చు. ఆపకూడదు.

మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు తరవాత ఆ ఓటర్లను పరిశీలించారు. న్యూహాంప్‌షైర్‌లో మెకార్తీకి వేసినవాళ్లలో చాలామంది వియత్నాం విషయంలో జాన్సన్ మీద కోపంతో ఉన్నవాళ్లే. ఎందుకు కోపం? యుద్ధం ఆపడం లేదని కాదట. గట్టిగా చేయడం లేదని! ఇలాంటివాళ్లు ముగ్గురుంటే, ఆపమనేవాళ్లు ఇద్దరు. మళ్లీ చెబుతాను. యుద్ధం వద్దన్న అభ్యర్థికి పడిన ఓట్లలో, యుద్ధం ఇంకా జోరుగా చేయమనేవాళ్ల ఓట్లే ఎక్కువ. వాళ్లకు మెకార్తీతో పని లేదు, జాన్సన్‌కు బుద్ధి చెప్పాలి, అంతే. కోపం ఒకటే, కోరికలు రెండు.

ఆ రెండు కోరికల మధ్య నలిగిపోయినవాడు ఉపాధ్యక్షుడు హ్యూబర్ట్ హంఫ్రీ. ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య, జూన్‌లో రాబర్ట్ కెన్నెడీ హత్య. ఆ విషాదాల తరవాత, ఒక్క ప్రైమరీలోనూ దిగకుండా, పార్టీ పెద్దల బలంతో హంఫ్రీ అభ్యర్థి అయ్యాడు. ఆగస్టులో షికాగో మహాసభ. లోపల శాంతి తీర్మానం ఓడిపోయింది, వెయ్యి మందికి పైగా ప్రతినిధులు దానికి ఓటేసినా. బయట మిషిగన్ ఎవెన్యూ మీద పోలీసులు కుర్రాళ్లను చితకబాదుతుంటే టీవీలు చూపించాయి. హంఫ్రీకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. జాన్సన్‌ను కాదంటే పార్టీ యంత్రాంగం చేజారుతుంది. అవునంటే ఏ ఊళ్లో మాట్లాడబోయినా కుర్రాళ్ల కేకలే.

సెప్టెంబరు చివరికి సర్వేల్లో రిపబ్లికన్ అభ్యర్థి రిచర్డ్ నిక్సన్ కంటే 15 శాతం వెనకబడ్డాడు. అప్పుడు, సెప్టెంబరు 30న, సాల్ట్‌లేక్ సిటీలో టీవీ ప్రసంగం ఇచ్చాడు. ముందున్న బల్లకు ఉపాధ్యక్షుడి ముద్ర తీసేయించాడు. శాంతి కోసం బాంబులు ఆపే సాహసం చేస్తానన్నాడు. నన్నడిగితే మాట పెద్దదేమీ కాదు, ఆ ముద్ర తీసేయడమే పెద్దది. అక్కణ్నుంచి కేకలు తగ్గాయి, చందాలు వచ్చాయి, అంతరం కరుగుతూ వచ్చింది. ఆ ప్రసంగం షికాగోలోనే చేసి ఉంటే అని అనుకోకుండా ఉండలేం.

నిక్సన్ ఏం చేశాడు? ఏమీ చెప్పలేదు! యుద్ధాన్ని ముగిస్తాం, శాంతిని గెలుస్తాం అన్నాడు. ముగిస్తాం అన్న ముక్క ఆపమనేవాళ్లకు, గెలుస్తాం అన్న ముక్క కొట్టమనేవాళ్లకు. ఎలా అనేది మాత్రం చెప్పడు. తెర వెనక సంగతి వేరు. ఆయన ప్రచారవర్గం దక్షిణ వియత్నాం వాళ్లకు కబురు పెట్టింది, ఉత్తర వియత్నాంతో శాంతి చర్చలకు తొందరపడొద్దని. ఎన్నిక మూడు రోజులుందనగా ఆ దేశాధ్యక్షుడు థియు పారిస్ చర్చలకు రానన్నాడు. ఇక మూడో పక్షం, యుద్ధం విషయంలో గట్టిగా ఉండాలనే అలబామా మాజీ గవర్నర్ జార్జ్ వాలెస్. ఆయన పక్కన ఉపాధ్యక్ష అభ్యర్థిగా వైమానిక దళం మాజీ అధిపతి కర్టిస్ లెమే నిలబడ్డాడు. ఆ పెద్దమనిషి తొలి పత్రికా సమావేశంలోనే అణ్వాయుధాల గురించి మాట్లాడి వాలెస్‌ను బెంబేలెత్తించాడు. అయినా మొదట మెకార్తీ కావాలని తరవాత జారిపోయినవాళ్లలో ఎక్కువమంది చేరింది వాలెస్ వైపేనట. కోరికలు రెండన్నాను కదా.

నవంబరు 5. నిక్సన్ 43.4, హంఫ్రీ 42.7, వాలెస్ 13.5 శాతం. నిక్సన్‌కు ఆధిక్యం 5 లక్షల చిల్లర ఓట్లు. అదే రోజు కాంగ్రెసు రెండు సభల్లోనూ డెమొక్రాట్లకే మెజారిటీ నిలిచింది. యుద్ధం చేసిన అధ్యక్షుడి కుర్చీ మీదే కసి తీర్చుకున్నారు తప్ప పార్టీని మొత్తంగా ఊడ్చేయలేదు.

ఇలాంటిదే 1952లో జరిగింది. కొరియా యుద్ధం, అధ్యక్షుడు ట్రూమన్, మళ్లీ అదే న్యూహాంప్‌షైర్. ఆయన అక్కడ ఓడి తప్పుకున్నాడు. తరవాత రిపబ్లికన్ అభ్యర్థి ఐసెన్‌హోవర్ కొరియా వెళ్తానన్నాడు, వెళ్లి ఏం చేస్తాడో చెప్పకుండానే గెలిచాడు.

మీ పిల్లలో బంధువులో అక్కడ ఓటర్లయి ఉండొచ్చు, ఫోన్లో ఎన్నికల మాటలు వస్తూనే ఉంటాయి. నూటికి ఇంతమంది యుద్ధాన్ని వ్యతిరేకిస్తున్నారని సర్వే ఏదైనా చెబితే, దాని కింద రెండో ప్రశ్న ఉందో లేదో చూడమనండి. వద్దన్నవాళ్లను, మరేం చేయాలంటారు అని అడిగారా? అడగకపోతే ఆ అంకెను పట్టుకుని ఏ పార్టీ గెలుపూ లెక్క కట్టకూడదు.

1972లో డెమొక్రాట్లు లెక్క కట్టారు. జనం యుద్ధం వద్దంటున్నారు కదా అని, వెంటనే బయటికి వచ్చేయాలనే జార్జ్ మెక్‌గవర్న్‌ను నిలబెట్టారు. అప్పటికి నిక్సన్ బాంబులు ఆపలేదు గానీ సైనికుల్ని ఇంటికి తెచ్చేశాడు. 5 లక్షల మంది ఉన్నచోట 50 వేలు కూడా లేరు. కొడుకు వెళ్లిపోతాడేమోనన్న టెన్షన్ చాలా ఇళ్లలో తగ్గింది. మెక్‌గవర్న్‌కు దక్కింది ఒక్క మసాచుసెట్స్, దాంతో పాటు రాజధాని వాషింగ్టన్. రాష్ట్రాలవారీగా లెక్కించి అధ్యక్షుణ్ని తేల్చే ఎలక్టోరల్ ఓట్లు 17. నిక్సన్‌కు 520.

సమయమైపోయింది. సెలవు.