జూన్ 12 నుంచి దసరా దాకా: మా రెండు గదుల బడి

నమస్తే అండీ. నేను శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డునున్న ఒక ఊళ్లో ప్రాథమిక పాఠశాల టీచర్ని. ఊరి పేరు చెప్పను, పిల్లల మొహాలు చూపించను. వాళ్ల చేతులు, పలకలు, మా బడి గోడలు, ఇవే ఈ వీడియోలో కనిపిస్తాయి మీకు. జూన్ 12న బడి తెరిచిన దగ్గర్నుంచి దసరా సెలవులు ఇచ్చేదాకా ఏం నేర్చుకున్నాం, ఏం చేశాం అన్నది చెప్తాను. నా తప్పుతోనే మొదలుపెడతాను.

బడి తెరిచిన నాలుగో రోజు, మూడో తరగతి. మా పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. తెలుగు పేజీలో చేప బొమ్మ ఉంది, కింద పేరు ఉంది. ఒక బాబు లేచి, అక్షరం మీద వేలు పెట్టి, గట్టిగా చదివాడు: "సేప". నేను "సేప కాదు నాన్నా, చేప. చే... చే..." అన్నాను. మూడుసార్లు అనిపించాను. ముందు కూర్చున్న ఇద్దరు కిసుక్కున నవ్వారు. వాడు కూర్చున్నాడు. తర్వాత పది రోజులు నా దగ్గర నోరు విప్పలేదు. హాజరు పిలిస్తే చెయ్యి ఎత్తేవాడు, అంతే.

అది ఎలాంటి వారమో కూడా చెప్పాలి మీకు. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. అంటే బడి తెరిచిన మూడు రోజులకే పడవలు మళ్లీ నీళ్లలోకి దిగాయి. రెండు నెలల తర్వాత ఇంట్లో తాజా చేప వండారు. వాడు ఆ ఉత్సాహంతో లేచి చదివాడు. నేను ఆ ఉత్సాహం మీద నీళ్లు పోశాను.

ఇప్పుడు కనిపిస్తున్నవి నేల మీద సుద్దతో గీసిన నాలుగు గళ్లు. అక్షరం, పదం, వాక్యం, కథ. మొదటి రెండు వారాలు పాఠాలు మొదలుపెట్టకుండా ఒక్కొక్క పిల్లనీ పక్కన కూర్చోబెట్టుకుని చదివించాం. ఎవరు ఎంతవరకు చదవగలరో ఆ గడిలో నిలబడాలి. తరగతితో పని లేదు. అయిదో తరగతి పిల్ల పదాల గడిలో ఉండొచ్చు, మూడో తరగతి పిల్లాడు కథ గడిలో ఉండొచ్చు. మా బడిలో ఇద్దరమే టీచర్లం. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది పిల్లల దాకా ఇద్దరు. ఒకటి, రెండు తరగతులు మేస్టారు చూస్తారు, మూడు, నాలుగు, అయిదు నావి. అదే చట్టం ఏడాదికి 200 పని దినాలు, 800 బోధన గంటలు అంటుంది. రోజుకి నాలుగు గంటలు. నా మూడు తరగతులకీ పంచితే ఒక్కో తరగతికి గంటా ఇరవై నిమిషాలు. తరగతుల వారీగా చెప్తూ పోతే ఎవరికీ ఏమీ అందదు. అందుకే ఈ గళ్లు.

ఆ గళ్ల దగ్గరే నాకు కళ్లు తెరుచుకున్నాయి. నాలుగో తరగతి పాప ఒక వాక్యం తప్పు లేకుండా చదివింది. 'చ' చక్కగా 'చ' అంది. ఒత్తులన్నీ పలికింది. "ఏం చదివావమ్మా?" అంటే నా మొహం కేసి చూసింది. ఒక్క మాట కూడా అర్థం కాలేదు. మన బాబు వంతు వచ్చింది. నోరు తెరవడు కదా, మేస్టారి దగ్గర కూర్చోబెట్టాం. నేను కిటికీ పక్క నుంచి విన్నాను. చెట్టు అని ఉంటే "సెట్టు" అన్నాడు. చేను "సేను". చెయ్యి "సెయ్యి". ఒక్కచోట కూడా తడబడలేదు. ప్రతి 'చ'నీ 'స' అనే పలికాడు, ప్రతి మాటా వాడికి అర్థమైంది. అడిగితే చేనెక్కడుందో చెయ్యెత్తి చూపించాడు.

మరి ఎవరు చదివినట్టండీ? నన్నడిగితే వాడే. అక్షరం చూశాడు, మాట పట్టుకున్నాడు, అర్థం చేసుకున్నాడు, వాళ్లమ్మ ఎలా అంటుందో అలా అన్నాడు. అందులో తప్పేముంది? 2021లో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యం, 2026-27 నాటికి మూడో తరగతి పూర్తిచేసే ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవాలని. ఆ బాబు ఆ దారిలో ముందున్నాడు. నేను వాణ్ణి తప్పు చదివినవాడి లెక్కలో వేశాను.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద వాడి పక్కన కూర్చున్నాను. చదువు మాట ఎత్తలేదు. "మీ నాన్న వలలో నిన్న ఏం పడ్డాయిరా?" అన్నాను. కాసేపు ఊరుకున్నాడు. తర్వాత మొదలుపెట్టాడు. కవ్వళ్లు, కానాగంతలు, చందువలు... ఏది ముల్లు ఎక్కువ, ఏది పులుసుకి బాగుంటుంది, ఏది తొందరగా పాడైపోతుంది. నేను వాడు చెప్పినవి చెప్పినట్టే నల్లబల్ల మీద రాశాను. బెల్లు కొట్టాక అందరూ లోపలికొచ్చి ఆ పేర్లు చదివారు. అక్షరాల గడిలో ఉన్నవాళ్లు కూడా రెండేసి, మూడేసి పేర్లు పట్టేశారు. తెలిసిన పేరు కదా, మొదటి అక్షరం దొరికితే మిగతాది నోట్లోంచి వచ్చేస్తుంది.

ఇదిగో ఈ గోడ. అలా పుట్టింది. ఎడమ పక్క మా ఇంటి మాట, కుడి పక్క పుస్తకం మాట. చోళ్లు, రాగులు. గంటెలు, సజ్జలు. ఆనపకాయ, సొరకాయ. ఏటి, ఏమిటి. ఎవులు, ఎవరు. బడిలో ఇచ్చే రాగిజావ మా ఇళ్లలో చోడిజావ. ఒకమ్మాయి రాగులంటే వేరే ఏదో పంట అనుకుని రెండేళ్లు తాగింది. గోడ మీద రాసిన రోజున "ఓలమ్మా, ఇవి మా చోళ్లేనా!" అంది. వాళ్ల పొలంలో పండేదే.

చేప మాట మాత్రం ఆ గోడ మీద నేను రాయలేదు. రాయాలంటే చెయ్యి ఆడలేదు.

జూలైలో వానలు పడ్డాక ఉభాలు మొదలవుతాయి. వరి నాట్లని మేం ఉభాలంటాం. అప్పుడు బడి పలచబడిపోతుంది. తల్లులు పొలానికి పోతే చంటిపిల్లల్ని చూసుకోవడానికి పెద్దపిల్లలు ఇంట్లో ఉండిపోతారు, ముఖ్యంగా ఆడపిల్లలు. ఇంటికెళ్లి కోప్పడితే ఏం లాభం? చంటివాణ్ణి చంకనేసుకునే రమ్మన్నాం. వచ్చారు. కొన్నాళ్లు మా బడిలో ఉయ్యాల కూడా ఉంది. ఆ రోజుల్లోనే లెక్కల్లో ఒకట్లు, పదులు, వందలు. కట్టలు కట్టడం మా పిల్లలకి ఎవరూ నేర్పక్కర్లేదు, ఆకుమడి నుంచి నారు తీసి కట్టలు కట్టడం చూస్తూనే పెరిగారు. చీపురుపుల్లలు పదేసి కట్ట, పది కట్టలు మోపు. 304 అంటే మూడు మోపులు, కట్టల్లేవు, నాలుగు పుల్లలు. ఆ సున్నా ఎందుకో పుస్తకంలో వారం చెప్పినా ఎక్కలేదు. "కట్టల్లేవు టీచర్" అని ఒక పిల్ల అనగానే అందరికీ ఎక్కింది.

యాప్‌లలో ఫోటోలు పెట్టడం, వివరాలు నింపడం గురించి ఎక్కువ చెప్పను. నాకున్న ఆ గంటా ఇరవై నిమిషాల్లోంచే అవీ పోతాయి, అది బాధే.

ఇక ఆగస్టు. మా ఊరి మగవాళ్లలో చాలామంది గుజరాత్‌లోని వీరావల్ వెళ్లిపోతారు. అక్కడ పెద్ద బోట్ల మీద పని. వేసవి దాకా రారు. ఇది మా ఊరికే కాదు, శ్రీకాకుళం, విజయనగరం తీరమంతా ఉన్న వలసే. ఒక వారంలో తరగతిలో సగం మంది పిల్లల నాన్నలు ఊళ్లో ఉండరు. ఆ వారం పిల్లలు ఏ పాఠమూ వినరు. అందుకని ఆ వారం పాఠమే వీరావల్. నేల మీద ఇండియా పటం గీశాం, ఇద్దరు పడుకునేంత పెద్దది. తూర్పున మన ఊరికి ఒక గవ్వ, పడమట వీరావల్‌కి ఒక గవ్వ.

మన బాబు అప్పటికి మాట్లాడుతున్నాడు. వాళ్ల నాన్న ఫోన్‌లో చెప్పాడట. "టీచర్, అక్కడ పొద్దు సముద్రంలో ములిగిపోతాదంట" అన్నాడు. ఎవరూ నమ్మలేదు. మా ఊళ్లో పుట్టినవాళ్లకి పొద్దు సముద్రంలోంచి పొడుస్తుంది, కొండల వెనక్కి పోతుంది. సముద్రంలో ములగడమేంటి? ఆరిపోదూ? పటం మీదే పడమటి పక్క సముద్రాన్ని చూపించాను. సరే చూద్దాం, అనుకున్నాం. ఆ సాయంత్రం నాన్నలు ఇంకా వీరావల్ రేవులోనే ఉన్నారు, బోట్లు వేటకి దిగలేదు. అయిదారు ఇళ్లలో ఫోన్లు చేశారు. ఇక్కడ చీకటి పడి దీపాలు పెట్టారు, అక్కడ ఇంకా ఎండ ఉందన్నారు. మర్నాడు పిల్లలు పరుగున వచ్చారు. భూమి తిరగడం, ఒక్కో రేఖాంశానికి 4 నిమిషాల తేడా, మనకీ వీరావల్‌కీ మధ్య 13 రేఖాంశాల పైచిలుకు, అంటే ఇంచుమించు గంట. అయిదో తరగతి వాళ్లు గుణించి చూపించారు. పదమూడు నాలుగులు ఎంతో వాళ్లు ఎప్పటికీ మర్చిపోరు, ఎందుకంటే అది నాన్నకీ తమకీ మధ్య ఉన్న దూరం.

అదే నెలలో ఒక పాప, పదాల గడిలోంచి వాక్యాల గడిలోకి అప్పుడే అడుగుపెట్టింది, అమ్మానాన్నలతో కలిసి భవనాల పనికి హైదరాబాద్ వెళ్లిపోయింది. పుస్తకాలు సంచిలో పెట్టి ఇచ్చాను. ఆమె గడి ఖాళీగానే ఉంచాం.

ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. గిడుగు రామమూర్తి గారు 1863లో అదే రోజున మన జిల్లాలోనే, పర్వతాలపేటలో పుట్టారు. వాడుక భాషకోసం ఆయన చేసిన పోరాటం పెద్దలందరికీ తెలుసు. నేను పిల్లలకి చెప్పింది అది కాదు. పర్లాకిమిడిలో మేస్టారుగా ఉన్నప్పుడు ఆయన అక్కడి గిరిజనులైన సవరల భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకోసం వాళ్ల భాషలోనే పుస్తకాలు తయారుచేశారు, బడులు పెట్టించారు. ముందు మేస్టారే పిల్లల మాట నేర్చుకున్నాడు, తర్వాతే చదువు చెప్పాడు. ఈ సంగతి చెప్తున్నప్పుడు నా గొంతు కొంచెం ఆగింది. జూన్‌లో నేను చేసింది దీనికి సరిగ్గా తిరగేసి. పిల్లల ముందే ఆ బాబుకి చెప్పాను, "ఆ రోజు నువ్వు సరిగ్గానే చదివావురా" అని. వాడు సిగ్గుపడి బల్ల కిందకి చూశాడు.

శనివారాలు పుస్తకాల సంచి లేని రోజులు. ఒక శనివారం ఒక తాతగారొచ్చి వల అల్లడం చూపించారు. వల కన్ను ఎంత ఉంటే ఏ చేప ఆగుతుందో స్కేలు పెట్టి కొలిచారు పిల్లలు. చిన్న కన్ను వలతో పిల్లచేపలు కూడా పోతాయి, అప్పుడు వచ్చే ఏడు ఏం పట్టుకుంటాం అని ఆయనే అడిగారు. ఇంకో శనివారం ఆటోలు మాట్లాడుకుని పొందూరు వెళ్లాం, ఖద్దరు చూడ్డానికి. వాలుగ చేప దవడ ఎముకతో అక్కడి ఆడవాళ్లు పత్తిని దువ్వుతారు. ఆ ఎముక మీద సన్నటి పళ్లు వరసగా ఉంటాయి, దువ్వెనలా. మా పిల్లలు దాన్ని వదల్లేదు. రాట్నం, నూలు అన్నీ తర్వాత. చేప ఎముకతో బట్ట నేస్తారని తెలిశాక వాళ్ల నడకే మారిపోయింది.

పంద్రాగస్టు, గురుపూజోత్సవం, పరీక్షలు అన్నీ జరిగాయి, అందరి బళ్లలో జరిగినట్టే.

దసరా సెలవులకి ముందు మళ్లీ గళ్లు గీశాం. అక్షరాల గడిలో ఇద్దరు మిగిలారు, ఇద్దరూ ఉభాల రోజుల్లో ఎక్కువగా రానివాళ్లే. సెలవుల తర్వాత నా పని వాళ్లతోనే మొదలు. అర్థం కాకుండా చదివిన నాలుగో తరగతి పాప ఇప్పుడు ఒక్కో వాక్యం దగ్గర ఆగి "అంటే ఏటి టీచర్?" అని అడుగుతోంది. వేగం తగ్గింది. నాకు సంతోషంగా ఉంది.

మన బాబు నాన్నకి ఉత్తరం రాశాడు. బోటు మీద ఉన్న మనిషికి పోస్టులో వెయ్యలేం కదా. వాళ్లమ్మ ఫోన్‌లో వాయిస్ మెసేజ్‌గా తనే చదివి పంపాడు. బడిలో ఏం జరిగిందో, పొందూరులో చేప ఎముక, అన్నీ ఉన్నాయి. జవాబు వెంటనే రాలేదు, బోటు రేవుకి చేరాక వచ్చింది. ఫోన్ బడికి పట్టుకొచ్చి నాకు వినిపించాడు. వెనక ఇంజను మోత. వాళ్ల నాన్న నవ్వుతున్నాడు. "ఏటిరా, సేపని చేపంటన్నావు? పెద్దోడివైపోనావేటి?"

నేను గమనించనే లేదు. ఎవరూ దిద్దలేదు, వాడికే వచ్చేసింది.

"ఏమని చెప్పావురా నాన్నకి?" అన్నాను. వాడు జవాబు చెప్పకుండా గోడ దగ్గరికి వెళ్లాడు. జేబులోంచి పెన్సిల్ ముక్క తీసి, ఎడమ పక్క 'సేప' అని, కుడి పక్క 'చేప' అని రాశాడు. ఇప్పుడు మీకు కనిపిస్తున్న ఆ చివరి వరస అదేనండీ.