మొక్కల బండి దింపే ముందు ఆకు తిరగేసి చూడండి

[స్క్రీన్ మీద: అరచేతిలో నీలగిరి రెమ్మ]

నమస్తే అండి. ముందు ఈ ఆకు చూడండి, ఫోను ఇంకొంచెం దగ్గరగా పెడతాను. ఆకు మధ్యలో ఈనె ఉంది కదా, అది నున్నగా ఉండాలి. దీనికేమో ఆవగింజలు వరసగా గుచ్చినట్టు బుడిపెలు, కొన్ని పచ్చగా ఉన్నాయి, కొన్ని గులాబీ రంగుకి తిరిగాయి. తొడిమ ఉబ్బిపోయి ఆకు మెలిపడిపోయింది. బ్లేడుతో ఒక బుడిపె కోస్తున్నాను... కనిపించిందా? లోపల చిన్న గది, అందులో తెల్లగా, కాళ్లు లేని పిల్ల పురుగు.

ఇది మా చేలోదే. మాది ఒడిశా సరిహద్దులో పర్లాకిమిడి వైపు మెట్ట భూమి. కూలీలు దొరక్క, వేరుశనగ వేసి నష్టపోయి, రెండెకరాల్లో నీలగిరి పెట్టేశాం. రాయగడలో పేపరు మిల్లు ఉంది కాబట్టి కర్రకి గిరాకీ ఉంటుందన్నది ధైర్యం. మొక్కలు రాత్రిపూట వ్యాన్‌లో వచ్చాయి (ఏ నర్సరీ అన్నది చెప్పను, మాట వాళ్ల గురించి కాదు). నాన్న టార్చిలైటు వేసి వేళ్లు చూశారు, మట్టిలో తడి ఉందో లేదో చూశారు, లెక్కపెట్టుకున్నారు. ఆకులు మాత్రం ఎవరూ చూడలేదు, నేనూ చూడలేదు. దసరా నాటికి చివుళ్లన్నీ ముడుచుకుపోయాయి. రెండుసార్లు మందు కొట్టాం, డబ్బులు పోయాయి తప్ప ఫలితం లేదు. ఎందుకంటే పురుగు బుడిపె లోపల ఉంటుంది, పైన కొట్టిన మందు దానిదాకా చేరదు.

ఈ పురుగు పేరు లెప్టోసైబ్ ఇన్వేసా. మిల్లీమీటరు కంటే కాస్త పొడవుండే ముదురు గోధుమ రంగు కందిరీగ, వెలుగులో కొంచెం నీలం, ఆకుపచ్చ మెరుపు కొడుతుంది. మనల్ని కుట్టదు. లేత ఆకు ఈనెలో, లేత కాడలో గుడ్లు పెడుతుంది, చెట్టు ఆ చోట బుడిపె కడుతుంది, పిల్ల పురుగు దాన్నే తిని పెరిగి చిన్న రంధ్రం చేసుకుని బయటికి వస్తుంది. మగ పురుగు లేకుండానే ఆడది పిల్లల్ని కంటుంది, అంటే ఒక్క మొక్కలో ఒక్కటి వచ్చినా చాలు. ముదురు చెట్టు తట్టుకుంటుంది గానీ నర్సరీ మొక్కలు, ఏడాది రెండేళ్ల తోటలు గిడసబారిపోతాయి.

దీని పుట్టిల్లు ఆస్ట్రేలియా, నీలగిరిదీ అదే. అక్కడ ఇంత గొడవ చెయ్యదు, ఎందుకంటే దాన్ని తినే ఇంకో చిన్న కందిరీగలు అక్కడే ఉన్నాయి. 2000 ప్రాంతంలో ఇజ్రాయెల్ చుట్టుపక్కల నీలగిరి తోటల్లో ఒక్కసారిగా బయటపడింది, తర్వాత కొద్ది సంవత్సరాలకే మన దక్షిణాది రాష్ట్రాల్లోకి వచ్చేసింది. ఒంటరిగా, శత్రువు లేని చోటికి రావడమే అసలు సమస్య. మన మామిడి కాండం తొలుచు పురుగు ఇజ్రాయెల్ చేరి అక్కడి అత్తి చెట్లకి అలాగే శత్రువైంది.

[స్క్రీన్ మీద: బెరడు ఊడిన యాష్ చెట్టు, లోపల మెలికలు మెలికలుగా దారులు]

ఇంకా పెద్ద దెబ్బ చూడాలంటే అమెరికా. మిషిగన్‌లో, మన తెలుగు పిల్లలు చాలామంది ఉండే డెట్రాయిట్ దగ్గర, 2002లో ఆకుపచ్చగా మెరిసే ఒక పెంకు పురుగు దొరికింది, పేరు ఎమరాల్డ్ యాష్ బోరర్. తూర్పు ఆసియాది. చెక్క పెట్టెల్లో, ప్యాకింగు కర్రల్లో దాక్కుని వచ్చి ఉంటుందని అక్కడివాళ్లు తేల్చారు. బెరడు కింద దారులు తొలిచేస్తుంది, ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకి దిగదు, చెట్టు పైనుంచి ఎండుతూ వస్తుంది, కొన్నేళ్లలో పోతుంది. బేస్‌బాల్ బ్యాట్లు చేసే గట్టి కలప చెట్టు యాష్, అలాంటివి కోట్ల కొద్దీ పోయాయి. పురుగు సొంతంగా ఎగిరే దూరం తక్కువే. పిక్నిక్‌కి వెళ్లేవాళ్లు కారు డిక్కీలో వంటచెరుకు పెట్టుకుని వందల మైళ్లు తీసుకెళ్లారు, అలా పాకింది. అందుకే ఇప్పుడు అక్కడ కట్టెలు ఏ ఊరివి ఆ ఊర్లోనే కాల్చమని బతిమాలుతున్నారు.

[స్క్రీన్ మీద: చెక్క ప్యాలెట్ మీద కాల్చి వేసిన ముద్ర]

టైల్స్ షాపు వెనక చెక్క ప్యాలెట్లు పడేసి ఉంటాయి కదా, ఈసారి చూడండి, వాటి మీద గోధుమ కంకి బొమ్మ, పక్కన హెచ్‌టీ అని ముద్ర ఉంటే ఆ చెక్కని లోపలిదాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచారని అర్థం, పురుగు చావడానికి. మన టెక్కలి గ్రానైటు ఓడెక్కి విదేశాలకి వెళ్లినా దాని కింద చెక్కకి ఇలాంటి ముద్ర ఉండాలి.

విదేశాల నుంచి వచ్చే సరుక్కి ఈ నియమం ఉంది. కానీ పాతపట్నం దాటి పర్లాకిమిడిలోకి, పార్వతీపురం నుంచి రాయగడకి మొక్కల వ్యాను వస్తుంటే దాని ఆకులు చూసేది మనమే.

కాబట్టి బండి పగలు రమ్మనండి. ట్రేకి నాలుగు మొక్కలు తీసి, చివర లేత ఆకుల్ని వెనక్కి తిప్పి, ఈనె మీద వేలు నడపండి. గరుకుగా, బుడిపెలు బుడిపెలుగా తగిలితే ఆ ట్రే దింపనివ్వకండి. అన్ని క్లోన్ రకాలకీ (ఒకే తల్లి చెట్టు కొమ్మల నుంచి పెంచిన మొక్కలు) ఇది ఒకేలా పట్టదు, మొక్కలు బుక్ చేసేటప్పుడే ఏ క్లోన్ అని అడగండి, పక్క ఊళ్లో అది వేసినవాళ్లని కూడా అడగండి. చేలో కనబడితే ఆ రెమ్మలు తుంచి గట్టు మీద పడెయ్యకండి, అక్కడినుంచే ఎగిరిపోతాయి, కవర్లో మూతికట్టి ఎండలో పెట్టి తర్వాత కాల్చెయ్యండి. ఫొటో తీసి కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లకి చూపించండి.

ఇది కూడా చెప్పాలి, భయపడి కూర్చోవడానికి కాదు. 2008లో కోయంబత్తూరు దగ్గర బొప్పాయి పిండినల్లి (తెల్లటి పిండి పూసినట్టుండి రసం పీల్చే పురుగు) బయటపడి బొప్పాయి, మల్బరీ తోటల్ని పాడు చేసింది, టేకు మీదికి కూడా ఎక్కింది. 2010లో దాని శత్రు కందిరీగల్ని ప్యూర్టోరికో నుంచి తెప్పించి వదిలితే చాలా చోట్ల అదుపులోకి వచ్చింది. నీలగిరి పురుగుకీ అలాంటి శత్రువులు ఉన్నాయి. అందుకే ఇష్టమొచ్చినట్టు మందు కొడితే ఆ మేలు చేసేవి కూడా చస్తాయి.

మా రెండెకరాల్లో బాగా దెబ్బతిన్న వరసలు పీకేసి కాల్చేశాం. ఈ జూలైలో కొత్త మొక్కలు వస్తున్నాయి. నాన్న డ్రైవరుకి ముందే ఫోను చేసి చెప్పారు, "బాబూ, తెల్లారాకే రా, నేను చూశాకే దింపుదువుగాని" అని.