తిత్తులు తొక్కే మనిషి

(విజయనగరంలో గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకూ, గ్రంథాలయ సిబ్బందికీ, పనులు మానుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. పేరుపేరునా తలచుకోవడం మన అలవాటు. కానీ నాకిచ్చింది అరగంట, చెప్పాల్సింది చాలా ఉంది. పెద్దలు ఏమీ అనుకోరని ఆ భాగం వదిలేస్తున్నాను.

కరపత్రంలో 'విదేశీ యాత్రానుభవాలు' అని వేశారు. మా అమ్మాయి, అల్లుడు జర్మనీలో హాంబర్గ్‌లో ఉంటారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళి మూడు నెలలు ఉండి వచ్చాను. అక్కడి రోడ్ల గురించి, రైళ్ళ గురించి చెప్పేవాళ్ళు మీ ఇళ్ళల్లోనే ఉంటారు. నేను మాత్రం నాలుగు రోజులు ఒక బస్సులో తిరిగి, పాత చర్చిల్లో ఉన్న పైప్ ఆర్గన్లు, అంటే గాలితో మోగే పెద్ద గొట్టాల వాద్యాలు, చూశాను. ఆ నాలుగు రోజుల గురించే మాట్లాడతాను. ఈ బల్ల మీద కాగితంలో చుట్టిన వస్తువు ఒకటి పెట్టాను. దాని సంగతి చివర్లో.

నన్నెరగని పిల్లలు వెనక వరసల్లో ఉన్నారు కాబట్టి ఒక మాట. మాది హార్మోనియం పెట్టెలు బాగుచేసే ఇల్లు. గంటస్తంభానికి కాస్త అవతల మా నాన్నకు చిన్న కొట్టు ఉండేది. నాటకాలవాళ్ళ కాళ్ళ హార్మోనియాలు, భజన మందిరాల చేతి పెట్టెలు, ఏవి పాడైనా అక్కడికే వచ్చేవి. నేను ఆ కొట్లోనే పెరిగాను. తర్వాత ముప్ఫై ఏళ్ళు పద్యనాటకాలకు వాయించాను. రాత్రి పదింటికి ప్రార్థనతో మొదలుపెడితే తెల్లారేదాకా కాళ్ళు తొక్కుతూనే ఉండాలి. నటుడు ఐదున్నర శృతిలో పద్యం ఎత్తుకుని రాగం తీస్తుంటే ఒక్క క్షణం కాలు ఆగకూడదు. ఆగితే గాలి ఆగుతుంది. గాలి ఆగితే అతను గాల్లో వేలాడతాడు.

మా అమ్మాయికి ఇదంతా తెలుసు. అందుకే ఆ బస్సు టూరు టికెట్టు కొంది. ఇరవై మంది దాకా ఉన్నాం. నడిపించినావిడ రిటైరైన ఆర్గనిస్టు. మొదటి రోజు పొద్దున్న అందరినీ ఎవరి గురించి వాళ్ళు చెప్పుకోమన్నారు. డాక్టర్లు, టీచర్లు, చర్చిల్లో వాయించేవాళ్ళు. నా వంతు వచ్చినప్పుడు హార్మోనియాలు రిపేరు చేస్తానని చెప్పాను, అమ్మాయి అనువదించింది. ఆవిడ వెంటనే నన్ను ముందు సీట్లోకి మార్చేశారు. నాలుగు రోజులూ ఎక్కడ ఆర్గన్ వెనక తలుపు తెరిచినా, ముందు నన్నే లోపలికి తొంగి చూడమనేవారు.

పైప్ ఆర్గన్ అంటే ఏమిటో చెప్పాలి. హార్మోనియంలో రీడు అనే సన్నటి ఇత్తడి రేకు అటూ ఇటూ ఊగి పలుకుతుంది. ఆర్గన్లో ఎక్కువ గొట్టాలకు ఊగే రీడు ఉండదు. పిల్లనగ్రోవిలో లాగ గాలి అంచుకు తగిలి మోగుతుంది. కొన్నిటికి మాత్రం సన్నాయిలా రీడు ఉంటుంది. ఒక్కో స్వరానికి ఒక్కో గొట్టం. ఎనిమిది అడుగుల గొట్టం ఒక స్వరం ఇస్తే, పదహారు అడుగులది అదే స్వరాన్ని ఒక స్థాయి కింద ఇస్తుంది. అన్నిటికన్నా చిన్న గొట్టం చిటికెన వేలంతే. సీసం, తగరం కలిపి పోస్తారు, కొన్నిటిని కర్రతో చేస్తారు. ఒకే రకం గొంతు ఉన్న గొట్టాల వరసను ఒక స్టాప్ అంటారు. వాయించేవాడు చెక్క పిడి లాగితే ఆ వరస పలకడానికి సిద్ధమవుతుంది. వేలితో మెట్టు నొక్కగానే సన్నటి చెక్క బద్దలు కదిలి ఎక్కడో పైన చిన్న మూత తెరుచుకుంటుంది. కింద తిత్తులు, పైన గాలిపెట్టె, ఆ పైన గొట్టాలు. మన కమ్మరి కొలిమి తిత్తి చూసినవాళ్ళకు అందులో సగం అర్థమైపోయినట్టే.

హాంబర్గ్ సెయింట్ జకోబి చర్చిలో ఆర్గన్‌ను 1693లో పూర్తిచేశారు. చేసిన మేస్త్రి ఆర్ప్ ష్నిట్గర్. అరవై స్టాపులు, సుమారు నాలుగు వేల గొట్టాలు. ఆవిడ పైకెక్కి మొదట ఒక్కో స్టాపే వినిపించారు. ఒకటి వేణువు, ఒకటి ముక్కుతో మూలిగినట్టు, ఒకటి బూర. తర్వాత అన్నీ కలిపి ఒక్కసారి నొక్కారు. నేను కూర్చున్న బల్ల అదిరింది. ఆ నాదం నాకు చెవుల్లోంచి రాలేదు, నేలలోంచి కాళ్ళలోకి వచ్చింది.

ఈ జకోబి చర్చిలోనే 1720లో సెబాస్టియన్ బాఖ్ ఉద్యోగానికి ప్రయత్నించాడు. బాఖ్ అంటే వాళ్ళకు మన త్యాగరాజంతటివాడు. ఉద్యోగం రాలేదు. చర్చికి నాలుగు వేల మార్కులు చెల్లించిన ఇంకొకరికి ఇచ్చారు. అక్కడి పాస్టరుకు కడుపు మండి, క్రిస్మస్ ప్రసంగంలో అనేశాడట: బెత్లెహేము దేవదూత దిగివచ్చి ఇక్కడ ఆర్గనిస్టుగా చేరతానన్నా, చేతిలో డబ్బు లేకపోతే వచ్చిన దారినే ఎగిరిపోవాల్సిందేనని. మూడు వందల ఏళ్ళయినా బస్సులో ఆ కథ వింటూ జనం బాధపడ్డారు. నేనూ బాధపడ్డాను. విద్య ఉన్నవాణ్ణి డబ్బు లేదని పంపేయడం నేను ఈ కళ్ళతో ఎన్నిసార్లు చూశాను! సరే, అది వేరే సంగతి.

అసలు చెప్పాల్సింది తర్వాత జరిగింది. మొదటి ప్రపంచయుద్ధంలో, 1917లో, ఆర్గన్ ముందు వరస తగరపు గొట్టాలను యుద్ధం కోసం పట్టుకుపోయారు. రెండో యుద్ధం వచ్చింది. ఈసారి చర్చివాళ్ళు ముందే మేలుకున్నారు. గొట్టాలు, గాలిపెట్టెలు విప్పి వేరేచోట దాచారు. 1944లో బాంబులు పడి చర్చి కాలిపోయింది. ఆర్గన్ చుట్టూ ఉన్న పెద్ద చెక్క కట్టడమంతా బూడిదైంది. దాచినవి మాత్రం మిగిలాయి. వాటిని మళ్ళీ కూర్చి, పోయినవాటిని పాత కొలతల్లో కొత్తగా చేసి, 1993లో, అంటే సరిగ్గా మూడు వందల ఏళ్ళకు, మళ్ళీ నిలబెట్టారు. ఆకాశం నుంచి బాంబులు పడుతుంటే, మన ప్రాణాలతోపాటు ఈ గొట్టాలూ బతకాలి అనుకున్న మనుషులున్నారు అక్కడ.

ఇక ఆగలేను. చివర్లో చెబుతానన్నది ఇప్పుడే చెప్పేస్తాను.

(కాగితం విప్పి చూపిస్తూ) ఇది ఇత్తడి రీడు. వేలెడంత లేదు. వెనకవాళ్ళకు కనబడదు, సభ అయ్యాక వచ్చి చూడండి. శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఒక పాత చర్చి ఉంది, పేరు వద్దు. అక్కడ కాళ్ళతో తొక్కే రీడ్ ఆర్గన్ ఒకటి ఉండేది, కెనడా బాప్టిస్టు మిషనరీల కాలం నాటిది. 61 మెట్లు, రెండు వరసల్లో 122 రీడ్లు. మన హార్మోనియం గాలిని బయటికి తోసి పలుకుతుంది. అది గాలిని లోపలికి పీల్చుకుని పలికేది. అందుకే దాని గొంతు మెత్తగా ఉండేది. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలకు దాన్నే వాయించేవారు. చౌదరిగారు 1803లో పుట్టి, పర్లాకిమిడి వైపు బతికిన కవి. తెల్లదొరల బాణీలు కాదు, మన రాగతాళాల్లో రాశారు.

మా నాన్న ఏటా కార్తీకమాసం దాటగానే సంచిలో ఆకురాళ్ళు పెట్టుకుని ప్యాసింజరు బండి ఎక్కేవాడు. క్రిస్మస్‌కు దాన్ని శృతి చెయ్యాలి. రీడు కొన దగ్గర గీకితే శృతి పెరుగుతుంది, మొదట్లో గీకితే తగ్గుతుంది. వెంట్రుకవాసి ఎక్కువైతే రీడు పోయినట్టే. సముద్రపు గాలికి ఏటా ఎక్కడో ఒకచోట పచ్చగా తుప్పు పట్టేది. "తుప్పు పట్టిన రీడు సూసి వదిలీసి వస్తే నాకు నిద్దర పట్టదురా" అనేవాడు. కూలి ఎప్పుడూ బేరమాడలేదు. పని అయ్యాక మూత లోపలివైపు పెన్సిలుతో తారీఖు వేసేవాడు. మొదటిది 1961. ఆయన పోయాక ఆ కిందే నేను వెయ్యడం మొదలుపెట్టాను.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు ఎలా పడ్డాయో మీరంతా చూశారు. చర్చి పైకప్పు రేకులు లేచిపోయాయి, ఆర్గన్ తడిసింది. నాకు కబురు అందలేదు, దారులు కూడా లేవు. వరండాలోకి లాగి పెట్టారట. కరెంటు లేక, తిండి లేక జనం అల్లాడిన రోజులవి. దాని చెక్క కొంత పొయ్యిలోకి పోయింది. ఆ పని చేసినవాళ్ళను నేను తప్పుపట్టను, ఆకలి ముందు ఏదీ లేదు. కానీ ఇత్తడి రీడ్లను అప్పుడు ఎవరూ ముట్టుకోలేదు. వాటిని అమ్మింది నాలుగు నెలల తర్వాత. కిలోల లెక్కన, పాత ఇనుప సామాన్లవాడికి. మంచి బట్టలు కట్టుకుని, కాగితాల మీద సంతకాలు పెట్టే మనుషులు అమ్మారు. నేను వెళ్ళేసరికి "కీబోర్డు కొనేశామండీ, ఆ పాతది ఎవరికి పనికొస్తుంది" అన్నారు. ఒక్క పోస్టుకార్డు రాయలేదు. ఒక్క ఫోను చెయ్యలేదు. ఆ డబ్బు నేనిచ్చేవాణ్ణి కదా! రెండింతలిచ్చి తెచ్చుకునేవాణ్ణి కదా! వరండా మట్టిలో వెతికితే ఇది దొరికింది. మా నాన్న పెన్సిలు రాత ఉన్న మూత దొరకలేదు.

క్షమించండి. మంచినీళ్ళు తాగుతాను.

ఇంకా చూసినవి ఉన్నాయి. స్టాడెలో ఒకటి, నోర్డెన్‌లో ఒకటి, రెండింటిలోనూ ష్నిట్గర్ చెయ్యి ఉంది. వాటిని వదిలి రీసుం అనే పల్లె గురించి చెబుతాను. మన పల్లెల్లాంటిదే. వరద నీళ్ళకు అందకుండా దిబ్బ మీద కట్టుకున్న ఊరు. ఆ చర్చిలో ఆర్గన్ పదిహేనో శతాబ్దం నాటిది. అంటే కృష్ణదేవరాయలు ఇంకా పుట్టకముందుది, ఇవాళ్టికీ మోగుతోంది. ఏడే ఏడు స్టాపులు. రైతుల దగ్గర డబ్బు లేక, బలిసిన పశువులను ఏరు దాటించి, గ్రోనింగెన్ అనే ఊరి ఆర్గన్ మేస్త్రికి బాకీ తీర్చారని పాత చరిత్రల్లో ఉంది. పాడిపశువుల విలువ తెలిసిన మీకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

తిరుగు దారిలో ఇంకో పల్లె చర్చిలో ఆగాం. అక్కడ కరెంటు మోటారుతోపాటు పాత తిత్తులు కూడా ఉంచారు. కరెంటు రాకముందు ప్రతి ఆర్గన్‌కూ తిత్తులు తొక్కే మనిషి ఉండేవాడు. అతను వెనక చీకట్లో ఉంటాడు, ఎవరికీ కనబడడు. బాఖ్ వాయించినా సరే, వెనక ఒకడు తొక్కితేనే. ఆ గది గోడ చెక్కల మీద వాళ్ళ పేర్లున్నాయి, తారీఖులున్నాయి. కత్తితో చెక్కినవి కొన్ని, పెన్సిలువి కొన్ని. ఎవరూ తుడవలేదు. పైన సున్నం వెయ్యలేదు.

ఆవిడ నన్ను తొక్కమన్నారు. చెప్పులు విప్పి ఎక్కాను. మనిషి బరువుకు తిత్తి నెమ్మదిగా దిగుతుంది, అది పూర్తిగా దిగేలోగా రెండోదాని మీద కాలు వెయ్యాలి. నా కాళ్ళకు ఆ పని తెలుసు. ఆవిడ అవతల వాయిస్తున్నారు, నాకు కనబడటం లేదు. చివరి స్వరం ఆగేదాకా గాలి తగ్గనివ్వలేదు. దిగాక, మీ ఊళ్ళో కూడా ఇలా పేర్లు రాసుకుంటారా అని అడిగారు. మా నాన్న రాసేవాడన్నాను. ఆ పెట్టె ఇప్పుడెలా ఉందని అడిగారు. అమ్మాయి నోరు తెరవబోతే వద్దని చెయ్యి ఊపాను.

జర్మనీలో ఆర్గన్ల తయారీని, ఆర్గన్ సంగీతాన్ని 2017లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. అప్పటి లెక్కలో దేశంలో యాభై వేలకు పైగా ఆర్గన్లు, నాలుగు వందల తయారీ సంస్థలు ఉన్నాయి. నాకు నచ్చిన అంకె వేరే ఉంది: పని నేర్చుకుంటున్నవాళ్ళు 180 మంది. మన రెండు జిల్లాల్లో రీడు గీకడం నేర్చుకుంటున్నవాళ్ళు ఎంతమంది? నేను లెక్కపెట్టాను. ఒక్కరూ లేరు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణ చేసే చేతులు ఇంకా ఉన్నాయి కాబట్టే పనస దుంగ వీణ అవుతోంది. హార్మోనియానికి ఆ చేతులు లేవు.

హార్మోనియం మనది కాదని కొందరంటారు. గమకం పలకదని 1940లో రేడియోలో నిషేధించారు, 1971 దాకా రానివ్వలేదు. గమకం పలకదన్నది నిజమే, ద్వారం వెంకటస్వామినాయుడుగారి ఫిడేలు మోగిన ఊరి గాలి పీల్చి నేను కాదనను. కానీ పారిస్‌లో పుట్టిన పెట్టెను కలకత్తాలో నేలమీద కూర్చుని వాయించేలా మార్చుకున్నాం. దానితో వందేళ్ళు పద్యం పాడించాం. అది మనది కాకపోతే మరేది మనది?

సంగీత కళాశాల పిల్లలున్నారు కదా, మీకే చెబుతున్నాను. 1919లో మన ఊళ్ళో సంగీతానికి ఒక కాలేజీ పెట్టి, ఆదిభట్ల నారాయణదాసుగారిని కూర్చోబెట్టారు. అలాంటి ఊళ్ళో పాత కాళ్ళ హార్మోనియాలకు ఒక్క గది దొరకదా? మూలన పడినవి నాకు తెలిసి పదకొండు ఉన్నాయి. ఏ ఇళ్ళల్లో ఉన్నాయో రాసిపెట్టాను. గది పెద్దలు చూడండి. పని నేను నేర్పుతాను, ఆదివారాలు, పైసా తీసుకోను. ఇద్దరు చాలు. అమ్మాయిలైనా సరే, చెయ్యి నిలకడగా ఉంటే చాలు.

అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. అయిపోయింది, ఒక్క ఐదు నిమిషాలు. అదిగో, వేదిక పక్కన దుప్పటి కప్పి ఉన్నది మా నాన్న చేతి మీదుగా బతికిన కాళ్ళ హార్మోనియం. మోకాలు ఆపరేషన్ అయ్యాక నాకు తొక్కడం కుదరడం లేదు, వేళ్ళు మాత్రం బాగున్నాయి. బాబూ, రెండో వరసలో నీలం చొక్కా, నువ్వే. ఇలా రా నాయనా. చెప్పులు అక్కడ విడిచిపెట్టు. ఈ పక్కన నిలబడి, ఒక కాలు దీని మీద వెయ్యి. నెమ్మదిగా. నేను ఆపేదాకా నువ్వు ఆపకు.