బుగ్గలో తీసిన నమూనా ఎక్కడికి పోతుంది?

శ్రోతలకు నమస్కారం.

అమెరికా సరిహద్దులో పట్టుబడిన వలసదారుకు వేలిముద్రలు, ఫొటో అయ్యాక చిన్న పుల్లలాంటి సాధనంతో బుగ్గ లోపల రుద్దుతారు. సూది లేదు, నెత్తురు లేదు. వద్దంటే మాత్రం అది నేరం కింద లెక్క.

ఆ కిట్టు వర్జీనియాలోని క్వాంటికోకు, ఎఫ్‌బీఐ ల్యాబుకు వెళ్తుంది. డీఎన్‌ఏలో 20 నిర్ణీత స్థానాలు చదివి, వచ్చిన అంకెల వరుసను, అంటే ప్రొఫైలును, కోడిస్ అనే నేర పరిశోధన డేటాబేసులోకి ఎక్కిస్తారు. అందులో పేరుండదు, నంబరే ఉంటుంది. అలాగని ధీమా పడొద్దు. ఆ నంబరు ఎవరిదో చెప్పే రికార్డు పంపిన శాఖ దగ్గర భద్రంగానే ఉంటుంది.

ఇలా నమూనా తీయనిచ్చే చట్టం 2005 నాటిదే. వలస నిర్బంధితులకు ఉన్న మినహాయింపును 2020 ఏప్రిల్‌లో ఎత్తేశారు. ఆ తర్వాత 15 లక్షలకు పైగా వలసదారుల ప్రొఫైళ్లు చేరాయని జార్జ్‌టౌన్ న్యాయ కళాశాల పరిశోధకులు 2024లో లెక్క తేల్చారు. తన ప్రొఫైలు తీసేయించుకుందామంటే, కేసు కొట్టేశారనో శిక్ష రద్దయిందనో కోర్టు ఉత్తర్వు చూపాలి. క్రిమినల్ కేసే పెట్టకుండా నిర్బంధించినవాడు ఆ ఉత్తర్వు ఎక్కణ్నుంచి తెస్తాడు? చిక్కంతా ఇక్కడే.

ఇక ఈ డీఎన్‌ఏ సేకరణ గురించి ప్రభుత్వ రికార్డులు అడగడం. మన సమాచార హక్కు చట్టం పౌరులకే. అక్కడి 1966 నాటి సమాచార స్వేచ్ఛ చట్టం కింద ఏ దేశస్థుడైనా అడగొచ్చు, దరఖాస్తు రుసుమూ లేదు. జవాబుకు గడువు 20 పనిదినాలు, మరో 10 పొడిగించుకోవచ్చు. గడువు దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే నేరుగా ఫెడరల్ కోర్టుకు వెళ్లొచ్చు. ఇవ్వబోమని జవాబిస్తే 90 రోజుల్లో అప్పీలు చేసుకోవాలి.

“డీఎన్‌ఏ గురించి ఉన్నవన్నీ ఇవ్వండి” అని రాస్తే అర్జీ అక్కడే నానుతుంది. ఏ కార్యాలయం, ఏ తేదీ నుంచి ఏ తేదీకి, శిక్షణ పుస్తకమా, నెలవారీ లెక్కలా, విడివిడిగా అడగాలి. సొంత రికార్డయితే పట్టుకున్న శాఖకే రాయాలి: పుట్టిన తేదీ, ‘ఎ-నంబరు’ (వలసదారుకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య), నిర్బంధించిన చోటు, సంతకం చేసిన ధ్రువీకరణ. వేరేవాళ్ల తరఫునైతే వాళ్ల రాతపూర్వక అనుమతి తప్పదు.

తెలుగువాళ్లకు పేరు దగ్గరే దెబ్బ తగులుతుంది. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉంటే అమెరికా కాగితాల్లో మొదటి పేరు స్థానంలో ‘ఎఫ్ఎన్‌యూ’ అని పడుతుంది, అంటే పేరు తెలియదని. వెతికిన గుమాస్తాకు ఏమీ దొరకదు, రికార్డు లేదని జవాబొస్తుంది. అందుకే ఇంటిపేరు ముందు పెట్టి ఒకసారి, వెనక పెట్టి ఒకసారి, ఎఫ్ఎన్‌యూతో ఒకసారి వెతకమని అర్జీలోనే రాయండి.