మోల్డ్‌కి ఎన్ని టన్నుల క్లాంపింగ్ కావాలి?

ఇంజెక్షన్ మోల్డింగ్‌లో కరిగిన ప్లాస్టిక్‌ని మోల్డ్ (అచ్చు) లోకి నెడతారు. అప్పుడు అది తెరుచుకోకుండా మెషిన్ పట్టి ఉంచే బలమే క్లాంపింగ్. నాలుగు కావిటీల (ఒకేసారి నాలుగు పార్ట్‌లు తయారయ్యే ఖాళీల) పీపీ (పాలీప్రొపిలీన్) మూత మోల్డ్ ఉంది. దీన్ని ఎన్ని టన్నుల మెషిన్ మీద ఎక్కించాలో లెక్క వేద్దాం.

సూత్రం చిన్నదే: ప్రొజెక్టెడ్ ఏరియాని కావిటీ ప్రెషర్‌తో గుణించాలి. లోపలి ప్లాస్టిక్ మోల్డ్‌ని తెరవాలని అంత బలంతో నెడుతుంది. క్లాంప్ అంతకంటే గట్టిగా పట్టుకోవాలి.

ఏరియా అంటే, మోల్డ్ తెరుచుకునే దిశలో ఎదురుగా చూస్తే పార్ట్ కప్పే వైశాల్యం. మూత వ్యాసం 10 సెంటీమీటర్లు, కాబట్టి ఒక్కోటి 78.5 చదరపు సెంటీమీటర్లు, నాలుగుకి 314. కోల్డ్ రన్నర్‌ది (కావిటీలకు ప్లాస్టిక్‌ని చేర్చే దారి, పార్ట్‌తోపాటే గట్టిపడుతుంది) ఇంకో 16, దీన్ని మర్చిపోయేవాళ్లే ఎక్కువ. మొత్తం 330. స్టాక్ మోల్డ్ (కావిటీలు ఒకదాని వెనక ఒకటిగా రెండు అంతస్తుల్లో ఉండేది) అయితే రెండు అంతస్తులూ కలపకండి, ఒక్క అంతస్తు ఏరియానే తీసుకోండి.

చిక్కంతా ప్రెషర్ దగ్గరే. స్క్రీన్ మీద కనిపించే ఇంజెక్షన్ ప్రెషర్ ఇక్కడ వాడకూడదు. నాజిల్ (మెషిన్ మూతి), రన్నర్, గేట్ (కావిటీలోకి వెళ్లే సన్నని ద్వారం) దాటేసరికి అందులో చాలా భాగం పడిపోతుంది. ఉజ్జాయింపుగా చదరపు సెంటీమీటరుకి పీపీ, పీఈలకు 0.3 నుంచి 0.4 టన్ను, ఏబీఎస్‌కి 0.4 నుంచి 0.5, పాలికార్బొనేట్‌కి 0.5 నుంచి 0.8 పెట్టుకోండి. గేట్ నుంచి చివరి మూల దాకా ఉన్న దూరాన్ని గోడ మందంతో భాగించి చూడండి. 150 దాటిందంటే వాటిలో పెద్ద అంకె కూడా చాలకపోవచ్చు.

మన మూతకి ఆ నిష్పత్తి తక్కువే, 0.35 చాలు. 330 ఇంటూ 0.35 అంటే 115.5 టన్నులు. భద్రత కోసం పైన 15 శాతం కలిపితే సుమారు 133. 150 టన్నుల మెషిన్ సరిపోతుంది.

అలాగని 150 టన్నులూ పెట్టేయకండి. టన్నేజ్ ఎక్కువైతే వెంట్లు (గాలి పోయే సన్నని సందులు) నలిగి మూసుకుపోతాయి, గాలి బయటికి పోలేక చివర్లో కాలిన మచ్చలు, షార్ట్ షాట్లు (పూర్తిగా నిండని పార్ట్‌లు) వస్తాయి. పెద్ద ప్లాటెన్ (మోల్డ్‌ని బిగించే మెషిన్ పలక) మీద చిన్న మోల్డ్ ఉంటే ప్లాటెనే వంగుతుంది.

133 దగ్గర మొదలుపెట్టి, మిగతా సెట్టింగులు కదపకుండా, 5 టన్నుల చొప్పున తగ్గిస్తూ ప్రతి మెట్టులో పార్ట్‌లు తూచండి. బరువు ఒక్కసారిగా పెరిగిందంటే మోల్డ్ తెరుచుకుంటోంది. దానికి ముందు మెట్టు మీద 10 శాతం కలిపి అక్కడ ఆపండి.

ఫ్లాష్ (అంచుల్లోంచి బయటికి కారిన పలచని ప్లాస్టిక్) ఒకే పక్కన వస్తుంటే మాత్రం టన్నేజ్ జోలికి పోవద్దు. ప్లాటెన్ల సమాంతరం, టై బార్లు (ప్లాటెన్లను కలిపే కడ్డీలు), పార్టింగ్ లైన్ (మోల్డ్ సగాలు కలిసే చోటు) అరుగుదల చూడండి. చుట్టూ వస్తుంటే ముందు నింపడం నుంచి హోల్డింగ్‌కి (నిండాక ప్రెషర్ పట్టి ఉంచే దశకి) మారే పాయింట్ చూడండి. ఆలస్యంగా మారితే కావిటీలో ప్రెషర్ ఎగబాకి, సరిపోయే క్లాంప్‌ని కూడా తెరిచేస్తుంది.