నాలుగో అంచు

సభకు నమస్కారం.

పత్రికల్లో తరచూ ఒక మాట కనిపిస్తుంది: ‘అతుకుల బొంత’. నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేస్తే దానికి ఆ పేరు పెడతారు. పొందిక లేనిది, రేపో మాపో విడిపోయేది అని వారి భావం. ఆ మాట చదివినప్పుడల్లా నాకు మనసు కష్టపెట్టుకోవాలనిపిస్తుంది. సరిగా కుట్టిన బొంతలో గుడ్డ నలిగిపోతుంది, రంగు వెలిసిపోతుంది, అతుకు మాత్రం ఊడదు.

అయితే బొంత పూర్తి కావాలి. ఈ రోజు నేను మాట్లాడదలచింది సగంలో ఆగిపోయిన బొంతల గురించే.

మాది రాజాం దగ్గర పల్లె. మా అమ్మ పోయాక ఆమె ట్రంకుపెట్టె తెరిచాను. జాకెట్టు ముక్కలు, నాన్నగారి పొందూరు పంచెలు రెండు, నా చిన్ననాటి లంగా ఒకటి. వాటి అడుగున మూడు వైపులా అంచు కుట్టి, నాలుగో వైపు వదిలేసిన బొంత. సూది గుచ్చినది గుచ్చినట్టే ఉంది. తుప్పు పట్టి చుట్టూ మరక చేసింది. దాన్ని అలాగే మడిచి, పదకొండేళ్లు దాచాను.

దాచానని అనుకున్నాను. మళ్లీ విప్పేసరికి మడత గీత వెంట గుడ్డ విరిగిపోయి ఉంది. నూలు గుడ్డను ఒకే మడతలో ఏళ్ల తరబడి ఉంచితే ఆ గీత దగ్గర పోగులు నీరసిస్తాయి. పైగా మనది సముద్రపు తేమ తగిలే ప్రాంతం, బూజు పడుతుంది. గంజి పెట్టి దాచిన గుడ్డనైతే పురుగు వెతుక్కుంటూ వస్తుంది. మీ ఇళ్లలో పెట్టెల్లో ఉన్న చీరలు భద్రంగా ఉన్నాయని అనుకోకండి.

దాన్ని బాగుచేయబోయి నేను చేసిన పెద్ద పొరపాటు దారం దగ్గర జరిగింది. గట్టిగా ఉంటుందని కొత్త పాలియెస్టర్ దారం తెచ్చి కుట్టాను. నాలుగు ఉతుకులకే ఆ దారం మెత్తని పాత చీరను కోసేసింది. కుట్టు నిలిచింది, గుడ్డ పోయింది. అన్నీ విప్పి నూలు దారంతో మళ్లీ కుట్టాను. పాత గుడ్డకు దారం కూడా గుడ్డంత మెత్తగా ఉండాలి. దబ్బనం వద్దు, అది చేసిన రంధ్రం పూడదు. పొడవాటి సన్న సూది చాలు.

కొలత సులభం. ఐదున్నర మీటర్ల చీరను మూడు మడతలు వేస్తే ఒక మనిషికి సరిపడే పొడవు, మూడు పొరల మందం వస్తాయి. ముక్కను రెండు చేతుల మధ్య లాగి చూడండి. చిరిగేలా ఉంటే పారేయకండి, లోపలి పొరకు వేయండి. పొందూరు ఖద్దరు పంచె ఉంటే అదీ లోపలికే. వాలుగ చేప దవడ ఎముకతో దువ్విన పత్తి నూలు అది, ఉతికిన కొద్దీ మెత్తబడుతుంది. దర్జీ దగ్గర తెచ్చిన కొత్త నూలు ముక్కలను మాత్రం ముందే ఒకసారి తడిపి ఆరేయాలి. లేకపోతే కుట్టిన తరువాత అవి కుంచించుకుపోయి బొంతంతా ముడతలు పడుతుంది. పొరలను నేల మీద పరిచి, మూలలకు బరువులు పెట్టి, నడిమి నుంచి బయటికి పెద్ద పెద్ద కుట్లు వేసుకుంటూ వస్తే ఏ పొరా జారదు.

ఇక అంచు. ఎక్కువ మంది ఆగిపోయేది ఇక్కడే. నడుమ కుట్టేటప్పుడు చేయి ఆడుతుంది, మనసు ఎటో తిరుగుతుంది. అంచు దగ్గర పొరలన్నీ కలుస్తాయి, సూది దిగదు, వేళ్లు నొప్పి పెడతాయి. చీర బోర్డరునే పట్టీగా కత్తిరించి చుట్టూ మడిచి కుడితే పని తేలికవుతుంది. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లాలో ఉండే, ఆఫ్రికా మూలాలున్న సిద్దీ తెగ స్త్రీలు బొంతను అంచు నుంచే మొదలుపెట్టి లోపలికి కుట్టుకుంటూ పోతారు. చివరికి నాలుగు మూలలా చిన్న గుడ్డ పువ్వులు కుడతారు. అవి లేకపోతే వారి లెక్కలో బొంత పూర్తి కానట్టే. అంచుకు భయపడేవారికి ఆ పద్ధతి నేర్చుకోమని చెబుతాను.

శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున శాలిహుండం కొండ ఉంది కదా. అక్కడ నివసించిన బౌద్ధ భిక్షువులు కట్టుకున్న చీవరం, అంటే వారి వస్త్రం కూడా ముక్కలు అతికి కుట్టినదే. మగధలో వరిమళ్లను, వాటి గట్లను చూపి, చీవరాన్ని అలా కుట్టగలవా అని బుద్ధుడు తన శిష్యుడు ఆనందుణ్ణి అడిగాడని భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకం చెబుతుంది. ఈసారి బస్సులో వెళుతూ కిటికీలోంచి మన మళ్లను చూడండి. గట్టు ప్రతిచోటా కుట్టులాగే కనిపిస్తుంది.

అమ్మ బొంత ఇక్కడ బల్ల మీద పరిచాను. నాలుగో అంచులో జానెడు మిగిల్చి తెచ్చాను. పక్కనే సూదులు, నూలు దారం ఉన్నాయి. ఒక్కొక్కరూ వచ్చి నాలుగేసి కుట్లు వేయండి. చేయి తిరగనివారు ముందు రండి, పక్కన కూర్చుని నేను పట్టుకుంటాను.